దావీదు–గొల్యాతు నుంచి పద్మనాభం యుద్ధం దాకా: మినియేచర్ బొమ్మల సీన్ చేసే పద్ధతి, విశాఖ గాలికి తగ్గట్టు

క్రిస్మస్‌కి పశువుల పాక పెట్టే రోజులు దగ్గరపడితే నాకు వచ్చే ప్రశ్నలన్నీ ఒకేలా ఉంటాయి. "అన్నా, రంగు వేసిన వారానికే పెచ్చులు లేస్తోంది." "సార్, వార్నిష్ కొట్టగానే బొమ్మంతా తెల్లగా అయిపోయింది." "ఫెవిక్విక్‌తో అతికించిన ఈటె మూడోసారి ఊడింది." ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే మొదటి నుంచి వరసగా రాయడం మేలనిపించింది.

ఈ తప్పుల్లో చాలావరకు రంగు వేసేటప్పుడు జరిగినవి కావు. అంతకుముందే, సీన్ ఎంచుకునేటప్పుడో బొమ్మ కడగకుండా వదిలేసినప్పుడో జరిగినవి. మిగతావి మన సముద్రపు గాలి తెచ్చిపెట్టేవి. అందుకే ఇక్కడ బ్రష్ పట్టేదాకా చాలా దూరం నడవాలి. ఓపిక పట్టండి.

ఉదాహరణకు ఒకే సీన్ తీసుకుంటాను: 54 మి.మీ. సైజులో బైబిల్ కథలోని కాపరి కుర్రాడు దావీదు, అతనితో తలపడిన భారీ యోధుడు గొల్యాతు, గొల్యాతు డాలు మోసేవాడు. యుద్ధ చరిత్ర సీన్లకు పద్ధతి ఎక్కడ మారుతుందో అక్కడ విడిగా చెబుతాను.

1. చేతిలో ఉన్నది ఏ రకం బొమ్మ?

ముందు ఇది తేల్చుకోండి. రంగు వేసి అమ్మిన సేకరణ బొమ్మ అయితే దాని మీద మళ్లీ రంగు వేయొద్దు. అక్కడక్కడా రంగు పోయినా సరే, సేకరించేవాళ్లు విలువ ఇచ్చేది అసలు రంగుకే. అలాంటి బొమ్మను సబ్బు నీళ్లలో ముంచకూడదు. మేకప్‌కి వాడే మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, పెట్టె, లోపలి కాగితాలు కూడా దాచండి.

పాత సీసం బొమ్మలతో ఇంకా జాగ్రత్త. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకు ఇవ్వొద్దు. బొమ్మ మీద బూడిద రంగు పొడి లేస్తుంటే సీసం తినుకుపోతోందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయండి.

రంగు వేయాల్సిన కిట్ అయితే, అది ఏ పదార్థమో చూసి జిగురు ఎంచుకోండి.

- గట్టి ప్లాస్టిక్: ఫ్రేముకు అతుక్కుని వస్తుంది. ప్లాస్టిక్ సిమెంట్ వాడాలి, అది రెండు ముక్కల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది.
- రెజిన్: తేలిక, పెళుసు. ఫెవిక్విక్ రకం జిగురు గానీ అరాల్డైట్ గానీ వాడాలి. ప్లాస్టిక్ సిమెంట్ దీన్ని పట్టదు.
- వైట్ మెటల్: బరువుగా, చల్లగా ఉంటుంది. రెజిన్‌కి వాడే జిగుర్లే, కానీ లోపల పిన్ను (రెండు ముక్కల్నీ కలిపే తీగ ముక్క) తప్పనిసరి.
- మెత్తటి ప్లాస్టిక్: 1/72 సైజు సైనికుల పెట్టెల్లో వచ్చేది. ఈటె వంచితే వంగుతుంది, వంగినప్పుడు రంగు పగులుతుంది. మొదటి బొమ్మగా దీన్ని తీసుకోవద్దు.

2. స్కేలు లెక్క

54 మి.మీ. ఎత్తు బొమ్మ అంటే దాదాపు 1/32, అంటే అసలు మనిషిలో 32వ వంతు. 75 మి.మీ. అంటే 1/24. యుద్ధపు ఆటల వాళ్లది 28 మి.మీ., ట్యాంకులతో వచ్చే సైనికులది 1/35. ఒకే సీన్‌లో వీటిని కలపకండి. 1/32 మనిషి పక్కన 1/35 మనిషిని నిలబెడితే తేడా ఏమిటో చెప్పలేకపోయినా, ఏదో తప్పుందని చూసినవాళ్లకు తెలిసిపోతుంది.

గొల్యాతు దగ్గర ఈ లెక్క బాగా పనికొస్తుంది. 1 సమూయేలు 17వ అధ్యాయం ప్రకారం అతని ఎత్తు ఆరు మూరల జేన. మూర అంటే మోచేయి నుంచి మధ్య వేలి కొస దాకా, సుమారు 45 సెం.మీ. జేన అందులో సగం. కలిపితే దాదాపు 290 సెం.మీ. దాన్ని 32తో భాగిస్తే 9 సెం.మీ. పైచిలుకు. అంటే 54 మి.మీ. దావీదు పక్కన గొల్యాతు 90 మి.మీ. ఉండాలి.

గ్రీకు అనువాదమైన సెప్టువజింట్‌లోనూ, మృత సముద్రపు చుట్టల్లో దొరికిన సమూయేలు ప్రతిలోనూ నాలుగు మూరల జేన అని ఉంది. ఆ లెక్కన సుమారు 2 మీటర్లు, బొమ్మ 63 మి.మీ. ఈ రెండింట్లో ఏది తీసుకున్నా మీకు ఆధారం ఉంటుంది. నేను 63 మి.మీ. వైపే మొగ్గుతాను. మామూలు మనిషి కంటే తలంత ఎత్తున్నవాడు, నిజంగా ఎదురుపడితే భయం పుట్టించేలా ఉంటాడు. 90 మి.మీ. బొమ్మ పక్కన దావీదు కనబడడు.

3. ఏ క్షణం చూపిస్తున్నారు?

ఈ అడుగు దాటేసినవాళ్ల సీన్ గ్రూప్ ఫొటోలా ఉంటుంది, అందరూ ముందుకు చూస్తూ నిలబడి ఉంటారు. కథలో ఒకే ఒక క్షణాన్ని ఎంచుకుని కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. నాది ఇలా ఉంది: "దావీదు రాయి ఒడిసెలలో పెట్టాడు, ఇంకా తిప్పలేదు; గొల్యాతు అడుగు ముందుకు వేశాడు." రాయి తగిలాక కాదు, తగలక ముందు. చూసేవాళ్ల ఊపిరి ఆగేది అక్కడే.

తర్వాత మూలం చదివి ఎవరి ఒంటి మీద ఏముందో జాబితా రాయండి.

- గొల్యాతు: కంచు శిరస్త్రాణం, పొలుసుల కవచం, కాళ్లకు కంచు కవచాలు, భుజాల మధ్య కంచు బల్లెం. ఈటె కర్ర నేతగాడి మగ్గపు దోనె అంత లావు, దాని మొన మాత్రం ఇనుము.
- అతని ముందు డాలు మోసేవాడు. చాలా సీన్లలో ఇతను మాయమవుతాడు, కానీ మూలంలో ఉన్నాడు.
- దావీదు: చేతికర్ర, గొర్రెలకాపరి సంచి, ఒడిసెల. సౌలు రాజు ఇచ్చిన కవచాన్నీ కత్తినీ వద్దన్నాడు కాబట్టి నడుముకు కత్తి ఉండకూడదు. కిట్‌లో కత్తి అచ్చుగా వస్తే కోసేయండి.
- అయిదు రాళ్లనూ ముందే సంచిలో వేసుకున్నాడు, వాటిలో ఒకటి ఇప్పుడు ఒడిసెలలో ఉంది. నేల మీద పరిచి చూపించొద్దు.

ఒడిసెల దగ్గర ఎక్కువమంది పొరబడతారు. అది రబ్బరు కట్టిన క్యాటపుల్ట్ కాదు. మన జొన్న చేలల్లో మంచె ఎక్కి పిట్టల్ని తోలే వడిసెలే అది: రెండు తాళ్లు, మధ్యలో రాయి పెట్టే చిన్న తోలు తిత్తి. ఊళ్లో తాతయ్యలెవరైనా ఉంటే ఎలా పట్టుకుంటారో చూపించమని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నేను మా పెద్దనాన్న మణికట్టు చూసే దావీదు చెయ్యి మార్చాను.

మిగతా బైబిల్ సీన్లలో మాటిమాటికీ కనబడే పొరపాట్లు ఇవి.

- పాకలో గొర్రెలకాపరులతో పాటు జ్ఞానుల్ని కూడా పెట్టడం. మత్తయి సువార్తలో జ్ఞానులు వచ్చింది ఇంట్లోకి. వాళ్లు ముగ్గురని ఎక్కడా లేదు. పండగ ఆనవాయితీగా పెడితే తప్పులేదు, చారిత్రక సీన్ అని చెప్పి పెడితే మాత్రం తప్పు.
- సిలువ దగ్గర సైనికులకు పట్టీల ఉక్కు కవచం వేయడం. క్రీ.శ. 66 యూదుల తిరుగుబాటుకు ముందు లీజియన్ల (రోమా ప్రధాన సైన్యాల) మకాం సిరియాలో. యూదయలో గవర్నరు కింద ఉన్నవి సహాయక దళాలు. గొలుసు కవచం, చదునైన కోలడాలు వేస్తే సరిపోతుంది.
- రోమా గుర్రాలకు, ఐగుప్తు గుర్రాలకు రికాబులు. అప్పటికి అవి లేవు.
- ఫరో రథంలో నలుగురు. ఐగుప్తు యుద్ధ రథం ఇద్దరి బండి, రెండు గుర్రాలది.

యుద్ధ చరిత్రకైతే తేదీతో మొదలుపెట్టండి. తేదీని బట్టి నేల రంగు తెలుస్తుంది. మన పక్కనే ఉన్న పద్మనాభం యుద్ధం 1794 జూలై 10న జరిగింది. అంటే తొలకరి దాటాక: తడిసిన ఎర్రమట్టి, పచ్చని లేత గడ్డి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న. అక్కడ ఎండు గడ్డి, దుమ్ము ఉండాలి. రెండింటికీ ఒకే పచ్చ గడ్డి ప్యాకెట్ వాడితే సీన్ అబద్ధం చెబుతుంది.

పద్మనాభం సీన్‌లో ఈస్టిండియా కంపెనీ సిపాయిలది ఎర్ర కోటు. విజయనగరం వైపు వాళ్లందరికీ ఒకే బట్టలు తొడగకండి. తెలుపులోనే నాలుగైదు ఛాయలు కలిపి తలపాగాలు, పంచెలు మార్చండి. పనిలో పనిగా ఒక ఉదయం పద్మనాభం వెళ్లి కొండ వాలు ఎలా ఉందో చూసి రండి, ఏ ఫొటో కన్నా అదే ఎక్కువ నేర్పుతుంది.

4. సామాను

ఖరీదైనవి కొనక్కర్లేదు. హార్డ్‌వేర్ సామానంతా పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల దొరుకుతుంది, రంగులు స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి.

- సన్నని బ్లేడు కత్తి, చిన్న ఆకురాళ్ల సెట్, 400, 800 నంబరు వాటర్ పేపర్
- చేతితో తిప్పే చిన్న డ్రిల్, 0.5 నుంచి 1 మి.మీ. బిట్లు
- పేపర్ క్లిప్పులు, సన్నని రాగి లేదా ఇత్తడి తీగ
- ఎం-సీల్, ఫెవిక్విక్, అరాల్డైట్, ఫెవికాల్
- గుండ్రటి బ్రష్‌లు 0, 1, 2. డ్రై బ్రష్‌కి (దాదాపు ఎండిన బ్రష్‌తో ఎత్తైన చోట్ల మాత్రం రంగు తాకించడానికి) ఒక పాత బ్రష్
- అక్రిలిక్ రంగులు, మ్యాట్ (మెరవని) వార్నిష్, గ్లాస్ (మెరిసే) వార్నిష్
- తేమ కొలిచే చిన్న మీటరు. దీన్ని మాత్రం మానకండి.

మరీ సన్నని 000 బ్రష్ కొంటే కళ్లు బాగా వస్తాయనుకుంటారు. రావు. దాని మీద రంగు బొమ్మను చేరేలోపే ఎండిపోతుంది. మొన చక్కగా ఉన్న 1 నంబరు బ్రష్‌తోనే కళ్లు వేయండి.

క్యామెల్, ఫెవిక్రిల్ లాంటి మామూలు అక్రిలిక్‌లతో కూడా పని జరుగుతుంది. వల్లెహో లాంటి మినియేచర్ రంగుల కన్నా వీటిలో రంగు గుజ్జు ముతకగా ఉంటుంది కాబట్టి ఎక్కువ పలచన చేసి, ఎక్కువ పూతలు వేయాలి.

తడి ప్యాలెట్ ఇంట్లోనే చేసుకోవచ్చు. మూత గట్టిగా పడే లంచ్ బాక్సులో తడి స్పాంజి పరిచి, పైన బటర్ పేపర్ వేయండి. రంగు రెండు రోజులైనా ఎండదు. వానాకాలంలో మూడో రోజుకే బూజు వాసన వస్తుంది, స్పాంజిని కడిగి మార్చండి.

5. శుభ్రం, అచ్చు గీతలు, పిన్ను

పెచ్చులు లేచే రంగుకు మందు ఇక్కడే ఉంది. అచ్చులోంచి బొమ్మ సులువుగా రావడానికి పూసే జిడ్డు రెజిన్ మీద మిగిలిపోతుంది. చేతి నూనె కూడా అంతే. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు చుక్క వేసి, పాత టూత్‌బ్రష్‌తో మడతల్లో రుద్ది, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత బొమ్మను వేళ్లతో పట్టుకోవద్దు. పాత మందు సీసా మూతకో వైన్ కార్కుకో తాత్కాలికంగా అతికించి దాన్ని పట్టుకోండి.

రెండు అచ్చులు కలిసిన చోట సన్నని గీత ఉంటుంది. కత్తి మొనతో కోయకండి, బ్లేడు వీపుతో మెల్లగా గీరండి. టార్చి లైటు పక్క నుంచి వేస్తే కనబడని గీత కూడా కనబడుతుంది. ముఖం మధ్య నుంచి పోయే గీతను వదిలేస్తే, ఎంత మంచి రంగు వేసినా చెంప మీద పుండులా తేలుతుంది.

రెజిన్‌ని ఎప్పుడూ తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

రెజిన్ ఈటె వంకరగా వచ్చిందా? వేడి నీళ్లలో అర నిమిషం ఉంచి, వేళ్లతో సరిచేసి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచండి. అలాగే నిలిచిపోతుంది. ఇంకా మేలైనది, ఈటెను తీసేసి ఇత్తడి తీగతో కొత్తది చేయడం. గొల్యాతు ఈటెకు 1.5 మి.మీ. తీగ వాడాను, ఆ లావే సరిపోయింది.

ఊడిపోయే చెయ్యి, ఈటె, తల, వీటన్నిటికీ పిన్ను వేయాలి.

- రెండు ముక్కల్లో ఒకదానికి 3 మి.మీ. లోతు రంధ్రం చేయండి.
- ఆ రంధ్రం అంచుకు తడి రంగు చుక్క పెట్టి రెండో ముక్కకు నొక్కండి. మచ్చ పడిన చోటే రెండో రంధ్రం.
- తీగ ముక్క దూర్చి, పొడిగా కలిపి చూడండి. కలిశాకే జిగురు.
- సందు మిగిలితే ఎం-సీల్ పూసి, తడి వేలితో నునుపు చేయండి.

తీగ రాగిదో ఇత్తడిదో అయితేనే మంచిది. ఉక్కు గుండుసూది మన గాలికి తుప్పు పడుతుంది. ఫెవిక్విక్ తేమలో తెల్లటి పొగలాంటి మచ్చ వదులుతుంది, అందుకే చుక్క తక్కువ వేయాలి.

6. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత): మీటరు చూడకుండా కొట్టొద్దు

ఒక ఆగస్టు సాయంత్రం మేడ మీద గొల్యాతుకు స్ప్రే వార్నిష్ కొట్టాను. లోపలికి తెచ్చి లైటు వేసేసరికి మనిషంతా పిండిలో పొర్లినట్టున్నాడు. మూడు వారాల పని. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే స్ప్రే ఏదైనా ఇంతే చేస్తుంది. ప్రైమర్ అయితే గరుకుగా ఇసుక చల్లినట్టు పడుతుంది, వార్నిష్ అయితే తెల్లబడుతుంది.

నా నియమం: మీటరు 70 శాతం దాటితే స్ప్రే డబ్బా ముట్టను. విశాఖలో డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండ వచ్చాక పని బాగా సాగుతుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా బ్రష్‌తో పూసే ప్రైమరే వాడండి. బీచ్‌ రోడ్డు వైపు ఇళ్లలో సముద్రం గాలి లేవకముందే కిటికీలు మూసి లోపల పని చేసుకోవడం మంచిది.

- డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపండి.
- 20 నుంచి 25 సెం.మీ. దూరం. బొమ్మకు అవతల మొదలుపెట్టి, బొమ్మ దాటాక ఆపండి.
- పలచగా రెండు పూతలు, మధ్యలో పావుగంట.
- వర్షాకాలంలో కనీసం 48 గంటలు, మిగతా రోజుల్లో 24 గంటలు ఆరనివ్వండి.

బూడిద రంగు ప్రైమర్ ఎంచుకోండి. నల్లటి దాని మీద చర్మం రంగు రావడానికి ఆరు పూతలు పడుతుంది, తెల్లటి దాని మీద వదిలేసిన చోట్లన్నీ అరుస్తాయి.

7. రంగు: లోపలి నుంచి బయటికి

బట్టలు మనం ఒంటి మీద వేసుకునే వరసలోనే రంగు వేయాలి. ముందు చర్మం, తర్వాత లోపలి బట్ట, పై బట్ట, తోలు, లోహం, చివరికి వెంట్రుకలు. ఇలా వేస్తే పైది కిందదాని మీద పొంగితే సర్దడం తేలిక.

ముఖం దగ్గర కాస్త ఆగుదాం. దావీదును తెల్లటి యూరప్ కుర్రాడిలా చేయకండి, అతను పగలంతా ఎండలో గొర్రెలు కాచినవాడు. బర్న్ట్ సియెన్నా రెండు వంతులు, ఎల్లో ఓకర్ ఒక వంతు, తెలుపు ఒక వంతు కలపండి. పాలంత పలచగా చేసి మూడు పూతలు. తర్వాత బర్న్ట్ అంబర్‌ను నీళ్లలా పలచన చేసి కళ్ల గుంటల్లో, ముక్కు పక్కన, కింది పెదవి కింద మాత్రమే పెట్టండి. ఆరాక మొదటి రంగుకు ఇంకాస్త తెలుపు కలిపి నుదుటి మధ్య, ముక్కు దూలం, చెంప ఎముక, గడ్డం కొస మీద వేయండి. దావీదు ఎర్రగా ఉండేవాడని మూలంలో ఉంది కాబట్టి చెంపకు, పెదవికి, చెవి కొసకు ఎరుపు చుక్క బాగా పలచన చేసి తాకించండి.

కళ్లు ఇలా వేయాలి.

- కంటి గుంటంతా ముదురు గోధుమ రంగు.
- లోపల మాసిన తెలుపు, చుట్టూ ముదురు అంచు మిగిలేలా. తళుక్కుమనే తెలుపు వద్దు.
- నల్లగుడ్డు పైరెప్పకు తాకుతూ ఉండాలి. మధ్యలో విడిగా చుక్క పెడితే దెయ్యం చూసినవాడిలా ఉంటాడు.
- ఇద్దరి చూపూ కలవాలి. దావీదు గుడ్లు పైకి, గొల్యాతువి కిందికి.

ముందుగా రెండు బొమ్మల్నీ బేస్ మీద ఎదురెదురుగా నిలబెట్టి, చూపు ఎటు పోతోందో దారం పట్టి చూడండి. ఈ ఒక్క పనికే నేను ఒక సాయంత్రం ఇస్తాను.

కంచు దగ్గర ఎక్కువమంది వెండి రంగు వేసేస్తారు. మూలంలో ఇనుము అని చెప్పింది గొల్యాతు ఈటె మొన ఒక్కదాన్నే. కంచుకు ముందు ముదురు గోధుమ రంగు వేసి, పైన కంచు రంగు, తర్వాత గోధుమ వాష్ (నీళ్లలా పలచన చేసిన రంగు), అంచుల మీద బంగారు రంగులో చిటికెడు వెండి కలిపి సన్నని గీతలు. పచ్చటి చిలుం వద్దు, రోజూ తోమించుకునే యోధుడి కవచం అది.

బట్టలకు రంగు వేయని ఉన్ని ఛాయలు వాడండి: మీగడ, ఒంటె రంగు, బూడిద గోధుమ. మచ్చలేని నలుపు, కాగితంలాంటి తెలుపు చిన్న బొమ్మ మీద కొట్టొచ్చినట్టుంటాయి. నలుపుకు ముదురు బూడిద, తెలుపుకు మీగడ రంగు వాడండి. మిలటరీ బూట్లకు కూడా ఇదే.

ఇక ఒడిసెల. మడిచి పట్టినప్పుడు దాదాపు 90 సెం.మీ. ఉంటుందనుకుంటే 1/32లో 28 మి.మీ. కుట్టు దారాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, కింద సూది బరువుగా వేలాడదీసి ఆరనివ్వండి. బరువుకు సాగిన తాడులా బిగుసుకుంటుంది. తిత్తికి టీ బ్యాగ్ కాగితం ముక్క. రాయి కోడిగుడ్డంత ఉంటుంది కాబట్టి మన సైజులో ఆవగింజంత. నిజంగానే ఆవగింజకు బూడిద రంగు, పైన వార్నిష్ వేసి పెట్టాను, ఇప్పటికీ అలాగే ఉంది.

యుద్ధ సీన్లలో తుప్పు, మురికి వేసేవాళ్లు ముందు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి ఒక గంట పడవల్ని చూడండి. తుప్పు మచ్చ బోల్టు దగ్గర ముదురుగా మొదలై, కిందికి జారుతూ పలచబడుతుంది. బురద మోకాలి కింద ఎక్కువ, తొడ మీద తక్కువ. ఒంటినిండా ఒకేలా పూస్తే అది మురికిలా ఉండదు, గోధుమ రంగు బట్టలా ఉంటుంది.

8. బేస్, నేల

మూడు బొమ్మలకు 15 × 10 సెం.మీ. చాలు. బొమ్మల్ని బేస్ అంచుకు సమాంతరంగా నిలబెట్టకండి, కాస్త ఏటవాలుగా తిప్పండి. ఇద్దరి మధ్య ఖాళీ వదలండి, ఆ ఖాళీ కూడా సీన్‌లో భాగమే.

గుండ్రటి పీఠం కావాలంటే ఏటికొప్పాక వాళ్లు లేత్ మీద తిప్పే అంకుడు కర్ర తేలికగా, అందంగా ఉంటుంది. కొయ్య ఏదైనా సరే అడుగు భాగానికి కూడా వార్నిష్ వేయండి, లేకపోతే తేమ పీల్చి వంగుతుంది. పాత సీసం బొమ్మల్ని మాత్రం కొయ్య మీద పెట్టొద్దు. కొయ్య నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు సీసాన్ని తింటాయి, వాటికి అక్రిలిక్ పీఠమే.

యెరికో సీన్‌కు ఒకసారి ఆర్కే బీచ్ ఇసుక తెచ్చి అలాగే వాడాను. ఒక్క వానాకాలానికి రంగు లోంచి తెల్లటి ఉప్పు పొక్కింది. బూర ఊదే యాజకుడి మడమ కింద ఉక్కు పిన్ను తుప్పు పట్టి నారింజ మరక కారింది. ఇల్లు కట్టే చోట దొరికే నది ఇసుకను టీ వడపోతతో జల్లించి వాడండి. బీచ్ ఇసుకే కావాలంటే మంచినీళ్లలో అయిదారుసార్లు కడిగి ఎండబెట్టండి.

మన ఎర్రమట్టి పద్మనాభం సీన్‌కు అచ్చంగా సరిపోతుంది, దావీదు–గొల్యాతు తలపడిన ఏలా లోయకు పనికిరాదు. అది సున్నపురాతి నేల, లేత రంగు. ఎర్రమట్టి కావాలంటే ఎక్కడైనా పునాది తవ్విన చోట అడిగి గుప్పెడు తెచ్చుకోండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం చిటికెడు కూడా తేవద్దు, అవి జాతీయ భూవారసత్వ సంపద.

1. ఎం-సీల్‌తో ఎత్తుపల్లాలు చేసి, తడిగా ఉండగానే పాదాల గుర్తులు నొక్కండి.
2. ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి పూసి ఇసుక చల్లండి. ఒక రాత్రి ఆరాలి.
3. ముదురు రంగు, తర్వాత వాష్, తర్వాత లేత రంగుతో డ్రై బ్రష్.
4. బొమ్మను పిన్నుతో దించి, పాదాల చుట్టూ సందు ఇసుకతో పూడ్చండి. బొమ్మ నేల మీద నిలబడాలి, తేలకూడదు.
5. ఇదే నేల రంగు పాదాలకు, బట్ట అంచుకు కాస్త అద్దండి.

9. వార్నిష్

ముందు గ్లాస్ ఒక పూత, అది గట్టిగా కాపాడుతుంది. దాని మీద మ్యాట్ రెండు పలచటి పూతలు. చివరికి కంచు మీద, కళ్ల మీద బ్రష్‌తో గ్లాస్ చుక్క. మళ్లీ చెబుతున్నాను, మీటరు చూడండి.

10. అద్దాల పెట్టె

తెరిచి పెట్టిన బొమ్మ విశాఖలో నిలవదు. గాజు గానీ అక్రిలిక్ గానీ పెట్టె కట్టించండి. అంచులకు వెనిగర్ వాసన వేసే సిలికాన్ వాడొద్దని గాజు షాపు అతనికి ముందే చెప్పండి. ఆ వాసన అసిటిక్ ఆమ్లానిది, మూసిన పెట్టెలో లోహపు బొమ్మల్ని పాడుచేస్తుంది. వాసన లేని న్యూట్రల్ సిలికాన్ అడగండి.

- నేరుగా ఎండ పడని గోడ, వంటగది గోడ కాదు
- కిటికీకి దూరం, పెట్టెను గోడకు స్క్రూతో బిగించాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ పక్కన పెట్టిన షెల్ఫే నాకు మొదట పోయింది
- లోపల రంగు మారే సిలికా జెల్. రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు
- లైటు ఎల్‌ఈడీ మాత్రమే, అడాప్టరు పెట్టె బయట
- అడుగున కాగితం ముక్క మీద సీన్ పేరు, వాడిన రంగులు, తేదీ. తర్వాత టచప్ చేయాలంటే ఈ కాగితమే దిక్కు

11. ఏదైనా తేడా వస్తే

వార్నిష్ తెల్లబడితే: పొడి రోజు దాకా ఆగి, బ్రష్‌తో పలచటి గ్లాస్ వార్నిష్ పూయండి. చాలాసార్లు రంగు తిరిగి వస్తుంది. ఆరాక మళ్లీ మ్యాట్ వేయండి. నా గొల్యాతు అలాగే బతికాడు.

రంగు పెచ్చులు లేస్తే: పైపైన అతుకులు వేయకండి. ఆ భాగం గీరి, కడిగి, ప్రైమర్ నుంచి మొదలుపెట్టండి.

వాష్ ఆరాక అంచున మరక వలయం మిగిలితే: తడి బ్రష్‌తో వెంటనే పీల్చాలి. ఆరిపోయి ఉంటే అసలు రంగును పలచగా ఆ వలయం మీద పూయండి.

నేల మీద ఉప్పు పొక్కితే: పొడి బ్రష్‌తో దులిపి చూడండి. నెలలోపు మళ్లీ వస్తే ఆ ఇసుక మొత్తం గీరి తీసేయాలి, వేరే దారి లేదు.

ఈటె విరిగితే: ఫెవిక్విక్‌తో అతికించి ఊరుకోకండి. విరిగిన రెండు కొసల్ని చదును చేసి, గుప్పిట కిందా పైనా రంధ్రం చేసి, ఒకే ఇత్తడి తీగను చేతి గుండా దూర్చి కొత్త ఈటె ఎక్కించండి. పాత మొనను దాని కొసకు పెట్టుకుంటే సరిపోతుంది.